నాలుగో గేటుకి పావు వోల్టు ఎక్కువ

1. బహుళ పంచమి

మా ఊరినేలే అంకెల సభకి అధ్యక్షుడు చిదంబరం గారు ఈ ఉదయం మా పెద్దమ్మ నడుముకున్న తాళాల గుత్తిని అందరూ చూస్తుండగా విప్పించారు. ముప్ఫై ఒక్క ఏళ్లు నాలుగో గేటు కాచిన కొల్లాటి వజ్రమ్మ విధుల్లో అశ్రద్ధ చేసిందట. ఇది అన్యాయం. చేసినవాడు చిదంబరం. పేరు పెట్టి రాయకపోతే అన్యాయం గాలివానలాగా ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే మొదటి వాక్యంలోనే పేరు రాశాను.

జరిగింది ఇదీ. నాలుగో గేటు పై కమ్మీని పట్టుకుని నలభై ఎనిమిది గట్టి ఉక్కు బోల్టులుంటాయి, మిగతా గేట్లవి మెత్త ఇనుమువి. నిన్న మధ్యాహ్నం వాటిలో మూడింటి తలలు ఠప్పున ఊడి కింద పడ్డాయి. గేటున్న గోడకి అవతల సముద్రం, ఇవతల మా ఊరు లోతుపేట. పోటు వేళ నీటి మట్టం మా డాబాల కంటే రెండు నిలువులు ఎత్తున ఉంటుంది. అమావాస్య మర్నాడొచ్చే పాడ్యమి పోటు ఈ ఏటికల్లా పెద్దది. దానికింకా పదకొండు రోజులుంది.

"తుప్పు పట్టింది. పొద్దున్నే ముల్లు తిప్పాల్సిన మనిషి ముసుగు తన్ని పడుకుంటే తుప్పు పట్టక ఏమవుతుంది?" అన్నారు చిదంబరం.

పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "ఒక్క పూట తప్పితే నా చెయ్యి పడిపోవాలండీ" అంది, అంతే.

గేటు పక్క రాతి మీద 80 అని చెక్కి ఉంటుంది. ఇనుముని ఉప్పునీళ్లు తినేస్తాయి. ఆ ఇనుముకి కాస్త కరెంటు ఎక్కిస్తే తినవు. ఎంత ఎక్కించాలో గోడ కట్టినవాళ్లు లెక్కగట్టి ఆ అంకె చెక్కారు. రోజూ తెల్లవారగానే కాపరి మరచుట్టు తిప్పి మీటరు ముల్లుని ఎనభై మీద నిలబెట్టాలి. మా ఊళ్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు ఆ అంకె వస్తుంది. "ఎనభై తప్పితే ఏడుపే" అని సామెత. పెద్దమ్మ దానికి పసుపు రాస్తుంది.

అమావాస్యలోగా తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట. లేకపోతే మా ఇంటిల్లిపాదీ ఊరు విడవాలి. నేనుండగా పెట్టనివ్వను.

2. షష్ఠి

పొద్దున్నంతా నీళ్లవాడలో పలకలు తోమాను. సముద్రపు నీటిని తాగేనీరుగా మార్చే తొట్టెల్లో లోహపు పలకలుంటాయి. వాటి మీద సున్నం పేరుకుంటుంది. పుల్లనీళ్లలో నానబెట్టి, పీచుతో రుద్ది, మళ్లీ వరసలో నిలబెట్టాలి. రోజుకి రెండు వందల పలకలు. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా లేస్తుంది.

చేతులు పనిలో ఉన్నాయి గానీ బుర్ర ఊరుకోలేదు. నేను బడిలో అయిదు దాటలేదు. నా చదువంతా కరపత్రాలే. సముద్రం ఊళ్లని ముంచిన మునకకి ముందు రోజులవి, నీళ్లు చూసి ఎండిన కాగితాలు, ఎక్కడ దొరికినా దాచుకుంటాను. వాటిలో ఒకదాని నిండా కరెంటు, లోహం, నీళ్లు కలిసి చేసే పనుల గురించే ఉంది. బ్యాటరీలు చేసేవాళ్లూ, వైద్యులూ, పూత పనివాళ్లూ, ఓడల తుప్పు ఆపేవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునేవారట. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో ఒక్కో పనికి ఒక్కో వాడ, ఏ వాడ పుస్తకం ఆ వాడ దాటకూడదు. ప్రశ్న కూడా దాటకూడదు. నా పుట్టుకకి ముందెప్పుడో రెండు వాడల పనులు కలిపి చేస్తే ఏదో పేలిందట. అప్పటినుంచీ అదే చట్టం.

మధ్యాహ్నం కూర్చుని నేనే ఒక కరపత్రం రాశాను. "గేటుకి ఆకలేస్తోంది! రాతి అంకె దాటించి కరెంటు పెంచండి! పిసినారి సభ సిగ్గుపడాలి!" నలభై ప్రతులు తీసి అయిదు వాడల గోడలకీ అంటించాను. సాయంత్రానికి సభ మెట్ల దగ్గర మూడు వందల మంది చేరారు. పొద్దు వాలకముందే ఉత్తర్వు వచ్చింది. ఎనభై కాదు, తొంభై.

రాతి అంకెని దాటడం అరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. నా మాటకి ఊరు కదిలింది! పెద్దమ్మకి చెబితే ఆవిడ సంతోషించలేదు. "ఎనభై మీద నిలబెట్టమన్నారు గదే" అని మాత్రం అంది.

3. అష్టమి

ఇంకో రెండు తలలు ఊడాయి. కరెంటు పెంచాక తుప్పు తగ్గాలి కదా. తగ్గలేదెందుకు?

కొత్త కాపరి చూడకుండా ఊడిన తల ఒకటి తీసి కొంగులో కట్టుకొచ్చాను. ఇంటికొచ్చి వెలుగులో చూశాను. తుప్పు లేదు. ఒక్క మచ్చ లేదు. విరిగిన చోట పటికబెల్లం ముక్కలాగా తెల్లగా, పలుకులు పలుకులుగా మెరుస్తోంది. తుప్పు తిన్న ఇనుము నాకు తెలుసు. అది పొరలు పొరలుగా, గోధుమరంగు రొట్టెలాగా ఊడుతుంది. ఇది అది కాదు.

సభవాళ్లు ఒక్కరంటే ఒక్కరు వంగి ఈ ముక్కని చూడలేదు. చూడకుండానే తుప్పు అన్నారు. నేనూ చూడకుండానే కరపత్రం రాశాను. ఆ ఆఖరి వాక్యం రాయడానికి మనసొప్పలేదు గానీ రాశాను, ఉండనీ.

4. నవమి

చట్టం దాటాను. పూతవాడకి వెళ్లాను.

పైడయ్య మేస్త్రి చెంచాలకీ, పడవ స్ప్రింగులకీ జింకు పూత వేస్తాడు. మా అమ్మకి వరసకి అన్న. నన్ను చూడగానే, "నీళ్ల పిల్లకి ఇక్కడేం పనే? దాహం వేస్తే మీ వాడలోనే తాగు" అన్నాడు.

"మావయ్యా, ఒక్కటి చూసి చెప్పు. చెప్పాక వెళ్లగొట్టు."

బోల్టు తల బల్ల మీద పెట్టాను. మావయ్య ముట్టుకోలేదు. కళ్లజోడు పైకి నెట్టి, కిందికి లాగి, మళ్లీ పైకి నెట్టాడు. పక్కనున్న పనివాళ్లని టీకి పంపేశాడు. అప్పుడు తీసుకున్నాడు.

"ఇది గాలి తాగిందే."

"ఇనుము గాలి తాగడమేంటి?"

"మా వాడ మాట అది. నీకు చెప్పకూడదు." అంటూనే చెప్పడం మొదలెట్టాడు. "కరెంటు ఎక్కువైందనుకో, ఇనుము ఒంటి మీదే నీళ్లు విడిపోయి బుడగలొస్తాయి. వచ్చింది వచ్చినట్టు పైకి పోతే గొడవ లేదు. కొంత లోపలికి ఇంకుతుంది. మెత్త ఇనుముకి ఏం కాదు. గట్టి ఉక్కుకే చేటు. పైకి నిగనిగలాడుతూనే ఉంటది, బరువు పడగానే అప్పడంలా విరుగుతుంది. అందుకే స్ప్రింగుకి పూత వేసిన గంటలోపు పొయ్యిలో పెడతాం. ఎర్రబడకూడదు, పెనం వేడి చాలు. ఎనిమిది గంటలు చెమట పట్టిస్తే తాగిందంతా కక్కేస్తది. మా తాత నాకు నేర్పిన మొదటి పని అదే."

"అయితే గేటుకి కరెంటు తక్కువై కాదు..."

"తక్కువా? గొంతుదాకా పట్టించారు." గోడకి అంటించి ఉన్న నా కరపత్రం వైపు గడ్డం చూపించాడు. "పెంచమని రాసింది నువ్వేనంట గదా? బాగా రాసేవు తల్లీ. విషం తాగినోడికి దాహమేస్తోందని ఇంకో గ్లాసు అందించేవు."

 నాకు కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. వస్తూ వస్తూ ఆ కరపత్రం చింపాను. ఆ వాడలో ఒక్కటే చింపగలిగాను. మిగతా ముప్ఫై తొమ్మిదీ ఊరంతా మాట్లాడుతూనే ఉన్నాయి.

5. దశమి

నా కరపత్రానికి ముందే మూడు విరిగాయి. అప్పుడు ముల్లు ఎనభై మీదే ఉంది. అదే ఎనభై మీద అరవై ఏళ్లు నిలబడిన గేటు ఇప్పుడెందుకు గాలి తాగింది? ఈ ఏడాది కొత్తగా వచ్చిందేమిటి?

ఒక్కటే. మీటరు. ఆర్నెల్ల కిందట చిదంబరం గారు "ఒకే ఊరు, ఒకే మీటరు" అని చాటించి, అయిదు వాడల్లోని పాత మీటర్లు తీయించి, నాడివాడ మీటరు పెట్టించారు. మంచి మీటరే. వైద్యులు రక్తంలో చక్కెరా, గుండెలో కరెంటూ దానితోనే కొలుస్తారు.

నాడివాడలో డాక్టరమ్మ ఎస్తేరు గారిని ఆస్పత్రి వెనక, చేతులు కడుక్కుంటుంటే పట్టుకున్నాను. ఆవిడ నవ్వారు. "మా మీటరు తప్పు చూపించదు తాయారూ. దాంతో పసిపిల్లల ప్రాణాలు కాపాడతాం."

"పాతదానికీ దీనికీ తేడా ఎంతో ఒక్కసారి చూడండి. పాత కుప్పె మా పెద్దమ్మ దగ్గరుంది."

నిజంగానే ఉంది. పాత మీటరుకి ఒక వెండి తీగ వేసిన గాజు కుప్పె ఉండేది, దాన్ని నీళ్లలో ముంచి దాన్నుంచి కొలిచేవారు. పారేయమంటే మనసొప్పక పెద్దమ్మ ఆవకాయ జాడీల మధ్య దాచింది. పరుగున వెళ్లి తెచ్చాను. ఎస్తేరు గారు బకెట్టు సముద్రపు నీళ్లలో ఒక ఇనుప ముక్క వేసి, ముందు కొత్త మీటరు కుప్పెతో, తర్వాత అదే మీటరుకి వెండి కుప్పె తగిలించి కొలిచారు. కొత్తది నలభై అంది. పాతది అరవై అయిదు అంది. ముక్క ఒకటే, బకెట్టు ఒకటే. మళ్లీ కొలిచారు. మూడోసారి కొలిచేటప్పటికి ఆవిడ నవ్వు పోయింది.

"సున్నాలు వేరు" అన్నారు నెమ్మదిగా. "బావి లోతు ఒకరు గట్టు మీంచి కొలుస్తారు, ఇంకొకరు నేల మీంచి. రెండు చేంతాళ్లూ నిజమే చెబుతాయి. మీ వెండి కుప్పె గట్టు. మాది నేల. మధ్యలో ఇరవై అయిదు పాయింట్లు. అంటే పావు వోల్టు. రాతి మీద ఎనభై గట్టు మీంచి కొలిచి చెక్కింది. మీటరు మార్చినవాళ్లు అంకె మార్చలేదు."

నేను వేళ్ల మీద లెక్కేశాను. కొత్త మీటరు ఎనభై అంటే పాత లెక్కలో నూట అయిదు. ఆర్నెల్లుగా నూట అయిదు. నా కరపత్రం తర్వాత నూట పదిహేను.

"మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే..." అన్నారు ఎస్తేరు గారు. వెంటనే తలదించుకున్నారు. "మేమూ ఒక్క మాట అడగలేదు, దేనికి వాడతారని."

6. ఏకాదశి

పెద్దమ్మకి చెప్పాలి. చిదంబరం మీద అరవడం కంటే ఇది కష్టం.

బియ్యం ఏరుతోంది. బావి లెక్క చెప్పాను, గాలి తాగడం చెప్పాను. ఏరుతూనే వింది. అంతా అయ్యాక చాట కింద పెట్టింది.

"అంటే ఒక్క పూటైనా నేను నిద్రపోయుంటే ఆ పూటకి మంచి జరిగేదన్నమాట."

"అలా కాదు పెద్దమ్మా..."

"అలాగే. రోజూ స్నానం చేసి, పసుపు రాసి, నా చేత్తో నేనే పోశాను." కాసేపు అరచెయ్యి చూసుకుంది. "పట్రా ఆ కాయితం. సంతకం పెట్టేస్తాను."

"పెడితే నా మీద ఒట్టే! నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావు. తప్పు చెప్పినవాడిది!"

"నువ్వు రాసిన తొంభై ఎవడు చెప్పాడే నీకు?"

ఆ మాట నెత్తి మీద పిడుగులా పడింది. సంతకం పెట్టకుండా సాయంత్రం దాకా ఆగమని బతిమాలి, సభకి పరుగెత్తాను.

చిదంబరం గారు ఒంటరిగా మజ్జిగ తాగుతున్నారు. వినరనుకున్నాను. విన్నారు. బోల్టు తల తీసుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. కాగితం మీద ఎనభైకి ఇరవై అయిదు కలిపారు. 

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు" అన్నారు.

"అయితే ఇప్పుడే దించండి!"

"దించితే రాయి అబద్ధమని ఊరంతటికీ చెప్పినట్టే. పోటు అయిదు రోజుల్లో ఉందమ్మాయ్. ఊళ్లో జనం నమ్మేది ఆ రాయిని, నన్ను కాదు. భయంతో పారిపోదామని అందరూ ఒక్కసారే కట్ట మెట్ల మీద పడితే తొక్కిసలాటలో పోయేవాళ్లెందరు? పోటు దాటనీ. తర్వాత నెమ్మదిగా దించుదాం. మీ పెద్దమ్మ పేరు మీది మచ్చ కూడా అప్పుడు తుడిచేద్దాం."

"అప్పటికి తుడవడానికి పేరైనా ఉండాలి కదండీ!"

ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టారు. "తొంభైకి నేనుగా వెళ్లలేదు. నీ కరపత్రం చూసి మెట్ల మీదకి మూడొందల మంది వచ్చారు. ఆ రోజు జనం మాట విన్నాను. ఈ రోజు వినననేసరికి దుర్మార్గుణ్ణయ్యానా?"

 జవాబు బయటికొచ్చాక దొరికింది. ఆ రోజు జనానికి నేను అబద్ధం చెప్పాను, తెలియక. ఈ రోజు ఆయన తెలిసి దాస్తున్నారు. నా తప్పుని నలుగురిలో దిద్దుకోగలను. దాచినదాన్ని దిద్దడానికి దారేది?

7. ద్వాదశి

పలకలు తోమే పాకలో, పొద్దున పదింటికి, మూడు వాడల మనుషులు ఒకే చాప మీద కూర్చున్నారు. ఇది నేరం. మేం నలుగురం చేశాం. నేను, పెద్దమ్మ, పైడయ్య మావయ్య, ఎస్తేరు గారు.

మొదటి గంట పోట్లాటే. పూత కరిగి వచ్చే పలకని మావయ్య "తల్లి పలక" అంటే ఎస్తేరు గారికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పిన పేరు విని మావయ్య, "ఇంత పొడుగు పేరు పలికేలోపు పూత మాడిపోద్దండీ" అన్నాడు. చివరికి ఆవిడ చాప మీద ఒక గీత గీసి, ఇటు లోహం, అటు నీళ్లు, గీత దాటేది కరెంటు అన్నారు. మావయ్య తన పుస్తకం తెరిచి అదే గీత చూపించాడు. పెద్దమ్మకి చదువు రాదు, కానీ నీళ్లు ఎంతవరకు తడిపాయో గుర్తుకి గేటు అడుగున వేలితో గీసేదీ అదే గీతట. ముగ్గురూ కాసేపు ఆ గీతనే చూశారు. మా పలకల మీద సున్నం కట్టేదీ ఆ గీత దగ్గరే అని నేనన్నాను. అరవై ఏళ్లు ఒకే పని చేస్తూ ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లం మేం.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. గోదాములో ఎప్పుడూ వాడని విడి బోల్టులు పదహారున్నాయి. ఆటు వేళ గేటు మీద బరువుండదు. ఊడిన అయిదింటి చోటా కొత్తవి బిగించి, మిగతా పదకొండుతో పాతవి మార్చాలి. తీసిన పాతవాటిని పూతవాడ పొయ్యిలో చెమట పట్టించి మర్నాటి ఆటుకి తిరిగి తేవాలి. నాలుగు ఆట్లు ఉన్నాయి, త్రయోదశి నుంచి పాడ్యమి దాకా. పాడ్యమినాటి ఆటు మధ్యాహ్నం, పెద్దపోటు రాత్రి.

"పగులు పట్టింది పొయ్యికి పెట్టినా బాగవదు. దాన్నెలా కనిపెడతాం?" అన్నాడు మావయ్య.

ఎస్తేరు గారు గుండె వినే గొట్టం తీశారు. పెద్దమ్మ మాత్రం, "కుండ కొనేప్పుడు కొట్టి చూడరేంటి?" అని మంచి బోల్టుని చిన్న సుత్తితో తట్టింది. ఖంగుమంది. పగిలినదాన్ని తట్టింది. డొల్ల శబ్దం. గొట్టంలో ఇంకా స్పష్టంగా వినపడిందట. డాక్టరమ్మ పెద్దమ్మ వైపు చూసిన చూపు నేను మర్చిపోను.

ముందు దించాల్సింది కరెంటు. కొత్త మీటరు మీద యాభై అయిదు. అదే పాత ఎనభై. ఎవరు దించాలి? మేం ముగ్గురం పెద్దమ్మని అడగడానికి జంకాం.

తనే లేచింది. "సంతకం పెట్టను. తప్పు నాది కాదని కాదు. నాది నాకుంది. మొత్తం నాదేనని రాయించుకుంటే ఇంకెవడూ ఏదీ దిద్దుకోడు. ముల్లు నేను దించుతాను. అంత దూరం ఎక్కించిన చెయ్యి ఇదే, దారి దీనికే తెలుసు. కానీ పగలు దించుతాను. అందరూ చూస్తుండగా. దొంగతనంగా దించితే రాయిని నేను మోసం చేసినట్టుంటది."

కింద రాసింది అయిదు వాడల గోడలకీ అంటిస్తున్నాను. ఈసారి అందులో నా పేరుంది.

లోతుపేట వాళ్లందరికీ. "కరెంటు పెంచండి" అని రాసింది నేను, నీళ్లవాడ పలకలు తోమే కొల్లాటి తాయారుని. అది తప్పు. చూడకుండా రాశాను. మీరు నమ్మి మెట్ల మీదకొచ్చారు. ఆ కాగితం ఎక్కడ కనపడినా చింపేయండి.

రాతి మీద ఎనభై నిజం. కొత్త మీటరు నిజం. రెండింటికీ సున్నా ఒకటి కాదని చిదంబరం గారికి నిన్నటి నుంచీ తెలుసు. మీకు ఇప్పుడు తెలిసింది. కొత్త మీటరు మీద యాభై అయిదే రాతి ఎనభై, రేపు వజ్రమ్మ ముల్లుని అక్కడికి దించుతుంది, గేటు బోల్టులు మారుస్తాం. నమ్మకం కలగకపోతే రెండు కుప్పెలూ, ఒక బకెట్టు సముద్రపు నీళ్లూ గేటు దగ్గరుంటాయి. మీ చేత్తో ముంచి చూసుకోండి.

పూతవాడ వాళ్లు బొగ్గులు తెండి. బ్యాటరీవాడ వాళ్లు తీగల సంగతి తెలిసినవాళ్లని పంపండి, మాకు మీ లెక్క కూడా కావాలి. నాడివాడ వాళ్లు గొట్టాలు తెండి. గోడవాడ వాళ్లు పెద్ద స్పానర్లూ, నిచ్చెనలూ తెండి. ఏమీ లేనివాళ్లు చేతులు తెండి. వాడ దాటడం నేరమంటే అందరం ఒకేసారి దాటుదాం.

పరుగెత్తకండి. పిల్లల్ని ఎత్తుకుని కట్ట మెట్లెక్కకండి. గేటు నిలబడుతుంది, మనం నిలబెడితే.

అధ్యక్షుడు గారూ, మీరూ రండి. వజ్రమ్మ చెయ్యి పట్టుకుని ఆపదలచుకుంటే ఊరంతా చూస్తుండగా ఆపండి. ఆపలేకపోతే ఒక స్పానరు అందుకోండి.

రేపు త్రయోదశి. నీళ్లు వెనక్కి తీసేది మధ్యాహ్నం ఒంటిగంటకి. సరిగ్గా ఒంటిగంటకి, నాలుగో గేటు దగ్గర.